బడికి మూడు లక్షలు వస్తున్నాయి, వేటి మీద పెట్టాలి? బయటి దేశాల బడుల్లో ఏది నిలబడిందో తెలిసినవాళ్లు చెప్పండి

వంశధార మాస్టారు (టెక్కలి దగ్గర)

అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను, లెక్కల మేడం సెలవులో ఉండడంతో ఈ ఏడాది ఎనిమిది, తొమ్మిది తరగతుల లెక్కలు కూడా నాకే పడ్డాయి. మా బడిలో పది చదివి ఇప్పుడు హైదరాబాదు, బెంగుళూరు, దుబాయిల్లో ఉద్యోగాలు చేస్తున్న పాత విద్యార్థులు వాట్సాప్ గ్రూపు పెట్టుకుని మూడు లక్షల దాకా పోగేశారు. "మాస్టారూ, బెంచీలకీ రంగులకీ పెట్టకండి, ఫారిన్ స్కూళ్లలో టెక్నాలజీతో చెబుతున్నారు కదా, మన పిల్లలకూ అలాంటిదేదైనా చేయండి" అన్నారు. సంక్రాంతికి అందరూ ఊరికి వస్తారు. ఈలోగా కమిటీ ముందు ఒక ప్లాన్ పెట్టాలి, అది రాసే పని హెచ్.ఎం. గారు నాకు అప్పజెప్పారు.

ఉన్నవి చెబుతాను. రెండు తరగతి గదుల్లో గోడకి పెద్ద ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే డిజిటల్ తెరలు) ఉన్నాయి, బాగానే పనిచేస్తున్నాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి వాళ్లకి ట్యాబులు ఇచ్చారు కదా, ఆ పిల్లలు పది పాసై వెళ్లిపోయారు, ట్యాబులూ వాళ్లతోనే వెళ్లాయి. నెట్ ఉంది కానీ మధ్యాహ్నం దాటితే నమ్మలేం. తుపాను రోజుల్లో కరెంటు సంగతి మన జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు, తిత్లీ అప్పుడు ఉద్దానం ఎన్ని రోజులు చీకట్లో ఉందో అందరికీ తెలుసు.

అసలు బాధ ఇది. తొమ్మిదో తరగతిలో బహుపదుల భాగహారం మొదలుపెట్టే ముందు మామూలు భాగహారం ఒకసారి చూద్దామని 618ని 6తో భాగించమన్నాను. తెలివైన పిల్లే, రోజూ బడికి వస్తుంది, 13 అని రాసి చూపించింది. ఆరు ఒకట్ల ఆరు వేసింది, తర్వాత 1లో 6 పోదు కాబట్టి పైన సున్న పెట్టాలని ఆమెకి ఎవరూ చెప్పలేదో, చెప్పినా నిలవలేదో. పక్కన చూస్తే ఆరుగురు అదే 13. అదే గదిలో మొదటి బెంచీ కుర్రాడు నేను చెప్పకముందే బహుపదుల లెక్క చేసేశాడు. వీళ్లిద్దరికీ ఒకే నలభై అయిదు నిమిషాల్లో నేను చెప్పాలి. టెక్నాలజీ దీనికేమైనా సాయం చేస్తుందా? ప్రపంచంలో ఎక్కడ ఏం చేశారు, ఏది పనికొచ్చింది, ఏది మూలన పడింది? మీ అనుభవాలైనా, చదివినవైనా వివరంగా రాయండి.

రాజాం నాన్న

మాస్టారూ, నా ఓటు రోబోటిక్స్‌కి. కేంద్రం 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబుల కింద ఒక్కో బడికి 20 లక్షల దాకా గ్రాంటు ఇస్తోంది, అందులో 3డీ ప్రింటర్, సెన్సర్లు, ఆర్డ్యూనో బోర్డులు అన్నీ వస్తాయి. మీ మూడు లక్షలతో అంత రాదు గానీ చిన్న స్థాయిలో మొదలెట్టొచ్చు. మా అబ్బాయి చదివే బడిలో పిల్లలు అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒకటి ట్యాంకు మూతకి బిగించి, నీళ్లు అంచుకి రాగానే బజర్ మోగేలా చేశారు. వాడు ఇంటికొచ్చి అదే పని మా ట్యాంకుకి చేస్తానని రెండు నెలలు తీగలతోనే కాలక్షేపం. బ్యాటరీ, నిరోధం, తీగ అంటే వాడికి ఇప్పుడు పుస్తకంలో బొమ్మలు కావు, చేతిలో వస్తువులు. పల్లె పిల్లలకి ఇది దక్కకూడదా?

విజయనగరం లెక్కలు

వంశధార మాస్టారికి నమస్కారం. నేను టీచర్ ట్రైనింగులో ఉన్న పిల్లలకి లెక్కల బోధన చెబుతాను, ఈ విషయం మీద కొన్నేళ్లుగా దొరికినవన్నీ చదువుతున్నాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు పెరూ సంగతి. డబ్బు చేతికి రాగానే అందరికీ వచ్చే మొదటి ఆలోచన పిల్లకొక పరికరం కొనేద్దామని, ఆ పని పెరూ వాళ్లు దేశం మొత్తం మీద చేసి చూశారు. అమెరికాలో ఎంఐటీ నుంచి వచ్చినవాళ్లు మొదలుపెట్టిన "పిల్లాడికొక ల్యాప్‌టాప్" పథకం కింద ఎనిమిది లక్షలకి పైగా చిన్న ల్యాప్‌టాపులు కొన్నారు. ఒక్కోదాంట్లో 200 పుస్తకాలు కూడా ఎక్కించి ఇచ్చారు. 319 పల్లె బడుల్లో జరిగిన అధ్యయనాన్ని ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 2012లో వెలువరించింది. పిల్లలు కంప్యూటర్ వాడడం బాగా పెరిగింది, లెక్కల్లో, భాషలో మాత్రం తేడా ఏమీ కనిపించలేదు. చాలా బడులకి నెట్ లేదు, ఆ యంత్రాన్ని ఏ పాఠంలో ఎలా వాడాలో టీచర్లకి గట్టిగా నేర్పినవాళ్లు లేరు. పిల్లలది తప్పు కాదు, యంత్రానిదీ కాదు, బడి రోజులో దానికంటూ ఒక చోటు పెట్టలేదు.

ఇప్పుడు ఢిల్లీ. 2015లో ప్రభుత్వ బడుల మిడిల్ స్కూల్ పిల్లలు ఆరు వందల మంది పైచిలుకుతో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనీమియన్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. బడి అయ్యాక ఒక కేంద్రంలో గంటన్నర, అందులో సగం సేపు కంప్యూటర్ ముందు, సగం సేపు చిన్న గుంపుగా ఒక మాస్టారి దగ్గర. మైండ్‌స్పార్క్ అనే ఆ సాఫ్ట్‌వేర్ ముందు పిల్లకి ఏది వచ్చో ఏది రాదో చూసి, ఎక్కడ ఆగిపోయిందో అక్కణ్నుంచి మొదలుపెడుతుంది. తొమ్మిదో తరగతి పిల్లకి నాలుగో తరగతి భాగహారం ఇస్తుంది, పక్క కుర్చీలో ఎవరికీ తెలియదు. అయిదు నెలలు తిరక్కుండానే ఆ పిల్లలు లెక్కల్లో ముందుకెళ్లిన దూరం, ఈ అవకాశం రాని పిల్లలతో పోలిస్తే రెట్టింపుకి పైనే. మీ తరగతిలో మీరు చూస్తున్నది వాళ్ల అంకెల్లోనూ ఉంది: ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు, తొమ్మిదికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులు. అంటే ఏటా బడికి వస్తూనే ఇంకా వెనక్కి జారుతున్నారు.

ఇందులో ఒక ముల్లు కూడా ఉంది, దాచకుండా చెప్పాలి. అంత నేర్చుకున్నా లెక్కల్లో బడి పరీక్షల మార్కులు పెద్దగా కదల్లేదు. ఎందుకంటే పరీక్ష తొమ్మిదో తరగతి ప్రశ్నలే అడుగుతుంది, పిల్ల మూడో తరగతి స్థాయి నుంచి అయిదుకి ఎక్కింది. కాబట్టి దాతలకి ముందే చెప్పండి, మొదటి ఏడాది పదో తరగతి ఫలితాలు చూసి ఈ ఖర్చు దండగ అనొద్దని.

మన రాష్ట్రంలో కూడా కొన్ని ప్రభుత్వ బడుల్లో ఇదే పద్ధతిలో, పిల్ల స్థాయిని బట్టి పాఠం ఇచ్చే పాల్ ల్యాబులు నడుస్తున్నాయి. మీ దగ్గరలో ఉంటే కొనకముందు ఒక పూట వెళ్లి వెనక బెంచీలో కూర్చుని చూడండి. ప్లాన్ రాసేటప్పుడు మొదటి పేజీలో టైమ్ టేబుల్ రాయండి, వారంలో ఏ పీరియడ్లు, ఏ తరగతి, గదిలో ఎవరుంటారు, ఎవరు లీవ్ పెడితే ఎవరు వెళ్తారు. కొనే సామాన్ల జాబితా దాన్నిబట్టి వస్తుంది.

ఆముదాలవలస రైల్వే

నేను ఉద్యోగరీత్యా పాలక్కాడులో ఉంటున్నాను, మా పిల్లలిద్దరూ అక్కడి ప్రభుత్వ బడిలోనే చదువుతున్నారు. బయటి దేశాలు అన్నారు గానీ పక్క రాష్ట్రం సంగతి కూడా వినండి.

కేరళలో 2001లో ఐటీ@స్కూల్ అని మొదలుపెట్టారు, ఇప్పుడది కైట్ అనే ప్రభుత్వ సంస్థ. నాకు నచ్చినవి రెండు. ఒకటి, బడి కంప్యూటర్లన్నీ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడుస్తాయి, లైసెన్సు డబ్బు కట్టే పని లేదు, పాత యంత్రం కూడా ఈడ్చుకొస్తుంది. రెండోది లిటిల్ కైట్స్, 2018లో పెట్టారు. హైస్కూలు పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్లకి పరీక్ష పెట్టి ఒక క్లబ్బులోకి తీసుకుంటారు, యానిమేషన్, ఎలక్ట్రానిక్స్, హార్డ్‌వేర్, మలయాళం టైపింగ్ నేర్పుతారు. తరగతిలో ప్రొజెక్టర్ రాకపోతే టీచరు ముందు ఈ పిల్లల్నే పిలుస్తుంది. మా అమ్మాయి అందులో ఉంది. కేబుల్ తీసి, చివర ఊది, మళ్లీ పెట్టి, అవుట్‌పుట్ సెట్టింగు మార్చి, అది వెలిగాక ఏమీ జరగనట్టు వెళ్లి కూర్చుంటుంది.

మన దగ్గర కంప్యూటర్ గది తాళం హెచ్.ఎం. బీరువాలో ఉంటుంది, పాడైతే నా మీదకి వస్తుందని టీచరు ముట్టుకోరు, టీచరు లేకుండా పిల్లలు ముట్టుకోకూడదు. మూడు లక్షలు పెట్టినా మూడు కోట్లు పెట్టినా ఆ తాళం తీసేవాళ్లు కావాలి మాస్టారూ. తొమ్మిదిలో పదిమంది పిల్లల్ని ఎంచుకుని వాళ్లకి ఆ బాధ్యత అప్పగించండి, ఏటా కింది తరగతి నుంచి కొత్త పదిమందిని చేర్చుకుంటూ పోండి. రాజాం అన్నగారు చెప్పిన సెన్సర్ కిట్లు ఒకటి రెండు ఈ పిల్లల చేతికే ఇవ్వొచ్చు, బడి మొత్తానికి కొననక్కర్లేదు.

వంశధార మాస్టారు (టెక్కలి దగ్గర)

చాలా సంతోషం. విజయనగరం మాస్టారూ, ఆ పరీక్ష మార్కుల విషయం మీరు చెప్పకపోతే నాకు తట్టేది కాదు, ప్లాన్‌లో మొదటే రాస్తాను.

ఒక సందేహం. ముప్ఫై ఎనిమిది మందిని చూస్తూ పాఠం చెబుతుంటే ఎవరికి అర్థమైందో ఎవరికి కాలేదో ఆ క్షణంలో ఎలా తెలుస్తుంది? అర్థమైందా అంటే అందరూ అర్థమైంది సార్ అంటారు. నోటు పుస్తకాలు దిద్దేసరికి పాఠం దాటిపోతుంది. అందరికీ ట్యాబు లేకుండా ఇది కుదురుతుందా?

బొబ్బిలి సుజాత టీచర్

కుదురుతుంది, ఒక్క ఫోనుతో. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది, నేను సోషల్‌కి వాడుతున్నాను. వాళ్ల సైటు నుంచి కార్డులు ప్రింటు తీసుకోవాలి. ఒక్కో కార్డు మీద నల్లటి గళ్ల బొమ్మ, ఒక్కో పిల్లకి ఒక్కో రకం బొమ్మ. దాని నాలుగు అంచుల్లో చిన్న అక్షరాల్లో ఏ, బీ, సీ, డీ అని ఉంటాయి. ప్రశ్న ప్యానెల్ మీద వేస్తే, పిల్ల తన జవాబు ఏదైతే ఆ అంచు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటుంది. నేను ఫోను కెమెరా తరగతి మీదుగా ఇలా ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పితే చాలు, ఎవరు ఏం పెట్టారో ఫోనులో వచ్చేస్తుంది. అక్షరం చిన్నది, బొమ్మలు అందరివీ వేరు, కాబట్టి పక్కవాడిది చూసి తిప్పడం కష్టం. నోరు విప్పని పిల్లలు కూడా కార్డు ఎత్తుతారు, నాకు అదే పెద్ద విషయం. కార్డులు లామినేషన్ చేయించండి, చెమట చేతులకి మామూలు కాగితం నెల రోజులు ఆగదు. మెరిసే లామినేషన్ వద్దు, వెలుతురు పడి కెమెరాకి అందదు.

మీరు సైన్స్ కాబట్టి ఫెట్ కూడా చూడండి, సైన్స్ ప్రయోగాలు కంప్యూటర్ తెర మీదే చేసి చూసే సిమ్యులేషన్లు. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో కార్ల్ వీమన్ అనే భౌతిక శాస్త్రవేత్త మొదలుపెట్టారు, ఆయనకి అంతకుముందు ఏడాదే నోబెల్ వచ్చింది. ఉచితం, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. మా ఫిజిక్స్ మేడం అందులో రెండు బల్బుల్ని శ్రేణిలో కలిపి, మీట వేసే ముందు ఆగి, మూడో బల్బు కలిపితే వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా అని అడుగుతుంది. అందరూ కార్డులు ఎత్తాక పక్కనున్నవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమంటుంది, మళ్లీ కార్డులు ఎత్తమంటుంది, అప్పుడు మీట వేస్తుంది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసరు 1990ల మొదట్లో తన ఫిజిక్స్ తరగతిలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆ రెండు నిమిషాల గోలలో పిల్లలు నేర్చుకున్నంత మేం గంట చెప్పినా నేర్చుకోరు.

మందస ఎస్జీటీ

హైస్కూలు వాళ్ల మధ్య ఎలిమెంటరీ మాట ఒకటి చెప్పనివ్వండి. మాది మందస కొండ దిగువ సవర ఊరు. మా బడికి వచ్చే పిల్లలకి ఇంట్లో మాట సవర. ఒకటో తరగతిలో తెలుగు పుస్తకం, దాని పక్క పేజీలో ఇంగ్లీషు. రెండూ వాళ్లవి కావు.

టాంజానియాలో టాంగా ప్రాంతంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ అని పోటీ, దాదాపు 170 పల్లెల్లో రెండు వేల ఏడు వందల మంది పిల్లలకి ట్యాబులు ఇచ్చి, ఛార్జింగుకి సోలార్ పెట్టి, బడి ముఖం చూడని పిల్లలు కూడా సొంతంగా చదవడం, లెక్కలు నేర్చుకోగలరా అని చూశారు. 2019లో వన్‌బిలియన్, కిట్‌కిట్ స్కూల్ అని రెండు జట్లకి బహుమతి వచ్చింది. పాఠాలు స్వాహిలిలో, అంటే పిల్లలకి తెలిసిన మాటలో ఇచ్చారు. ఆ వన్‌బిలియన్ యాప్‌నే మలావీలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకి తీసుకెళ్లారు, అక్కడ చిచేవా భాషలో. ట్యాబులు ఇంటికి పంపరు, బడిలోనే ఉంటాయి, సోలార్‌తో ఛార్జ్ అవుతాయి, ఒక గుంపు లేచాక ఇంకో గుంపు కూర్చుంటుంది, రోజుకి గంట లోపే.

సవరలో అలాంటి యాప్ నాకు దొరకలేదు. కానీ గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం వాచకాలు రాసి, సొంత డబ్బుతో వాళ్లకి బడులు పెట్టిన నేల ఇది. నేను చేస్తున్నది చిన్న పని. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, తెలుగువి దించుకుని, ఊళ్లో ఇంటర్ చదివే అమ్మాయితో పేజీ పేజీకి సవరలో చెప్పించి ఫోనులో రికార్డు చేశాను. పిల్లలు బొమ్మ చూస్తూ వింటారు, తర్వాత నేను అదే పేజీ తెలుగులో చదువుతాను. కథ అప్పటికే తెలుసు కాబట్టి తెలుగు మాటలు వాళ్లే పట్టుకుంటున్నారు. మీ హైస్కూలుకి చుట్టుపక్కల ఎలిమెంటరీ బడుల నుంచే కదా పిల్లలు వస్తారు, ఆ మూడు లక్షల్లో ఒక పది వేలు కింది బడికి ఒక మంచి స్పీకరు, ఒక ఫోను కోసం తీయమని నా విన్నపం. 618 లెక్క తొమ్మిదిలో తప్పలేదు మాస్టారూ, మా దగ్గరే తప్పింది.

చీపురుపల్లి టు మాంటెవిడియో

నమస్తే అండి, మాది చీపురుపల్లి దగ్గర ఊరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఉరుగ్వే వచ్చాను. ఈ దేశం గురించి మనవాళ్లకి ఎక్కువ తెలియదు, మన రెండు పాత జిల్లాల జనాభా కంటే తక్కువ జనం ఉన్న దేశం.

పెరూ కొన్న ల్యాప్‌టాపే వీళ్లూ కొన్నారు. ప్లాన్ సైబల్ అని 2007లో మొదలుపెట్టి 2009కల్లా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ప్రతి పిల్లకీ ఇచ్చారు. తేడా ఏమిటంటే అక్కడితో ఆగలేదు. బడులకి నెట్, రిపేరు చేసే ఏర్పాటు, టీచర్లకి శిక్షణ, వీటికోసమే ఒక సంస్థ. నేను రాయాలనుకున్నది మాత్రం వీళ్ల ఇంగ్లీషు పాఠాల గురించి. పల్లె బడుల్లో ఇంగ్లీషు చెప్పే టీచర్లు చాలినంత మంది లేరు. 2012లో బ్రిటిష్ కౌన్సిల్‌తో కలిసి ఒక పద్ధతి పెట్టారు. నాలుగు, అయిదు, ఆరు తరగతులకి వారానికి ఒక పాఠం వీడియోలో దూరం నుంచి వేరే టీచరు చెబుతుంది, ఆమె అర్జెంటీనాలో ఉండొచ్చు, ఫిలిప్పీన్స్‌లో కూడా ఉండొచ్చు. మిగతా రెండు పాఠాలు అదే తరగతి టీచరు చెబుతుంది, తనకి ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినా సరే, పిల్లలతో పాటే నేర్చుకుంటూ. తెర మీద టీచరు, గదిలో టీచరు పాఠానికి ముందు మాట్లాడుకుంటారు. తెర మీద ఆమెకి ఇంగ్లీషు తెలుసు, గదిలో ఆమెకి పిల్లలు తెలుసు. ఒక్కరితో ఇది నడవదు.

మీకు రెండు ప్యానెళ్లు ఉన్నాయి. పాత విద్యార్థులు హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్నారు. వాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటున్నారు, సరే, వారానికి ఒక గంట కూడా అడగండి. ఇంజనీర్లకి తొమ్మిదో తరగతి లెక్కలు, ఇంగ్లీషు చెప్పడం కష్టం కాదు, చెప్పే తీరు మీరు నేర్పాలి.

ఇంకోటి, తెర కూడా అక్కర్లేనిది. కరోనాలో బడులు మూసినప్పుడు ఆఫ్రికాలో బోట్స్వానా అనే దేశంలో 4,500 కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు. కొందరి ఇళ్లకి వారానికో లెక్క మెసేజ్ పంపారు. కొందరికి మెసేజ్‌తో పాటు టీచరు వారానికోసారి ఫోను చేసి ఇరవై నిమిషాలు తల్లితో, పిల్లతో కలిపి ఆ లెక్క చేయించింది. వట్టి మెసేజ్‌తో ఏమీ పెరగలేదు. ఫోను చేసిన ఇళ్లలో పిల్లల లెక్కలు మెరుగయ్యాయి. మామూలు బటన్ ఫోనుతో. మనవైపు నాన్న చెన్నైలోనో, వేటకి గుజరాత్ వీరావల్‌లోనో, పిల్లలు అమ్మమ్మ దగ్గర. అలాంటి ఇళ్లకి వారానికి ఒక ఫోను వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

పలాస అమ్మ

అందరూ చెప్పింది చదివాను. నేను టీచర్ని కాను, ఇద్దరు పిల్లల తల్లిని, జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. ఒక్క మాట. స్వీడన్‌లో ఏం జరిగిందో కూడా ప్లాన్‌లో రాయండి మాస్టారూ. అంత ధనవంతుల దేశం, చిన్నపిల్లల దగ్గర్నుంచీ ట్యాబుల్లోకి వెళ్లిపోయినవాళ్లు, 2023లో వెనక్కి తిరిగి పాఠ్యపుస్తకాలు కొనడానికి ఆ ఒక్క ఏడాదే 68.5 కోట్ల క్రోనార్లు కేటాయించారు. పిల్లలు చేత్తో రాయాలి, కాగితం మీద చదవాలి అన్నారు. అదే ఏడాది యునెస్కో నివేదిక కూడా టెక్నాలజీ వల్ల ఎక్కడ మేలు జరుగుతుందో రుజువు చూపించి వాడండి అని గట్టిగా చెప్పింది. ఫ్రాన్స్ అయితే 2018లోనే బడిలో ఫోన్లు వద్దని చట్టం చేసింది.

మా పెద్దాడికి ట్యాబు వచ్చినప్పుడు పాఠాల వీడియోలు చూశాడు, కాదనను. రాత్రి పదకొండుకి దుప్పట్లో ఇంకేవో కూడా చూశాడు. ఇంట్లో పట్టుకునే మనిషి లేరు, నేను షిఫ్టులో, వాళ్ల నాన్న విశాఖలో. దయచేసి ఇంటికి పంపే వస్తువు ఏదీ కొనకండి. మందస మాస్టారు చెప్పిన మలావీ పద్ధతే మంచిది, బడిలో ఉండాలి, బడిలో ఆపేయాలి.

రాజాం నాన్న

అమ్మ చెప్పింది నిజం, ఇంటికి పంపొద్దు. ఆముదాలవలస అన్నగారి మాట కూడా ఒప్పుకుంటున్నాను, కిట్లు పదిమంది క్లబ్బుకి చాలు. కానీ ఆ పదిమందిలో సగం ఆడపిల్లలు ఉండేలా చూడండి, లేకపోతే స్క్రూడ్రైవర్లన్నీ మగపిల్లల చేతుల్లోకే పోతాయి, చాలా బడుల్లో చూశాను.

నాగావళి నెట్‌వర్క్

ఇక సామాను సంగతి నేను చెబుతాను, నా పని అదే. నెట్ పోతే ఆగిపోయేది ఏదీ పెట్టకండి. కోలిబ్రి అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, లెర్నింగ్ ఈక్వాలిటీ అనే స్వచ్ఛంద సంస్థది, నెట్ లేని బడుల కోసమే చేశారు. ఒక పాత ల్యాప్‌టాప్ గానీ, అరచేతంత రాస్ప్‌బెర్రీ పై బోర్డు గానీ సర్వరుగా పెట్టి, పక్కన మామూలు వైఫై రూటర్ పెడితే గదిలో ఉన్న కంప్యూటర్లన్నీ దాంట్లోంచే పాఠాలు తెరుస్తాయి. పిల్లకొక లాగిన్, ఎవరు ఏ అభ్యాసం దగ్గర ఆగిపోయారో టీచరు చూడొచ్చు. మీరు చేసిన వీడియోలు కూడా అందులో పెట్టుకోవచ్చు. మైండ్‌స్పార్క్ లాగా అది తనంతట తాను పిల్ల స్థాయి కనిపెట్టి ఇవ్వదు, ఎవరికి ఏ పాఠమో మీరే కేటాయించాలి. కివిక్స్ అని ఇంకోటి ఉంది, దానితో తెలుగు వికీపీడియా మొత్తం ఆ బోర్డులోనే పెట్టుకోవచ్చు.

కంప్యూటర్లు కొత్తవి వద్దు. కంపెనీలు మార్చేసిన పాత డెస్క్‌టాపులు విశాఖలో వారంటీతో దొరుకుతాయి, లినక్స్ వేస్తే చక్కగా నడుస్తాయి. పది చాలు, ఒక్కోదాని ముందు ఇద్దరు. మూడు లక్షలూ ఒకేసారి ఖర్చు పెట్టేయకండి, అన్నిటికంటే ముఖ్యం అదే. మూడో వంతు బ్యాంకులో ఉంచండి. రెండో ఏడాది యూపీఎస్ బ్యాటరీ పోతుంది, ఎలుక కేబుల్ కొరుకుతుంది, మూడు కీబోర్డుల్లో స్పేస్‌బార్ విరుగుతుంది. చాలా ల్యాబులు మూతపడేది ఇలాంటి వెయ్యి, రెండు వేల పనులు చేయించే పద్దు లేకే. ఇన్వర్టర్ కంప్యూటర్లకి విడిగా పెట్టండి, ఫ్యాన్లు దానికి కలపనివ్వకండి, ఎండాకాలం ఎవరో ఒకరు కలిపేస్తారు.

వంశధార మాస్టారు (టెక్కలి దగ్గర)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. హెచ్.ఎం. గారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. ఇప్పటికి అనుకున్నది రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో లెక్కల్లో వెనకబడ్డ పిల్లలకి వారంలో నాలుగు పీరియడ్లు విడిగా. ముందు కాగితం మీద చిన్న పరీక్ష, ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగారో చూసి గుంపులు. ఇరవై మంది కంప్యూటర్ల దగ్గర, మిగతావాళ్లు నా దగ్గర నల్లబల్ల ముందు, సగం పీరియడ్ అయ్యాక అటూ ఇటూ. పాత డెస్క్‌టాపులు పది, కోలిబ్రి సర్వరు, ఇన్వర్టర్. ప్లికర్స్ కార్డులు, మెరవని లామినేషన్. క్లబ్బు పదిమంది, అయిదుగురు ఆడపిల్లలు, రెండు సెన్సర్ కిట్లు, గది తాళం వాళ్ల దగ్గరే. పక్క ఎలిమెంటరీ బడికి స్పీకరు, ఫోను. లక్ష రూపాయలు కమిటీ ఖాతాలో మరమ్మతులకి. ఇంటికి ఏదీ పంపడం లేదు, పలాస అమ్మగారూ. పదో తరగతి మార్కులతో దీన్ని కొలవొద్దని, జూన్‌లో పెట్టిన చిన్న పరీక్షే మార్చిలో మళ్లీ పెట్టి ఆ తేడా చూపిస్తామని మొదటి పేజీలో రాశాను.

పాత విద్యార్థుల్ని గంట అడగడం మాత్రం హెచ్.ఎం. గారికి అన్నిటికంటే నచ్చింది. గ్రూపులో పెడితే ఇప్పటికే తొమ్మిది మంది సరే అన్నారు, వాళ్లలో ఇద్దరు ఫోను చేసి లెక్క చేయించే పనికి. చీపురుపల్లి అమ్మాయిగారూ, తెర మీద టీచరు, గదిలో టీచరు పాఠానికి ముందు ఏం మాట్లాడుకుంటారో, దానికేమైనా పద్ధతి ఉందా?

చీపురుపల్లి టు మాంటెవిడియో

ఉంది మాస్టారూ. మా పక్కింటామె ఇక్కడ ప్రాథమిక పాఠశాల టీచరు, ఆమెని అడిగి రాస్తున్నాను. కిందటి పాఠంలో ఏది ఎక్కలేదు, ఎవరు బడికి రాలేదు, ఈసారి ఎవరిని పేరు పెట్టి అడగాలి, ఈ మూడూ గదిలో టీచరు చెబుతుంది. ఈ వారం ఏం చెప్పబోతోంది, దానికి ముందు రోజు పిల్లలతో ఏం చేయించాలి అనేది తెర మీద టీచరు చెబుతుంది. పాఠం రోజే మాట్లాడుకుంటే ఆలస్యమైపోతుందట, ఒకటి రెండు రోజుల ముందు పెట్టుకోండి.

తొమ్మిది మందినీ ఒకేసారి దించకండి. ముందు ఇద్దరు, ఒకే తరగతి, ఒక నెల. వాళ్లు పిల్లల పేర్లు నేర్చుకున్నాక మిగతావాళ్లు. నేను కూడా ఒక గంట ఇస్తాను, మీ ఉదయం తొమ్మిదిన్నర అంటే నాకు అర్ధరాత్రి దాటి ఒంటిగంట, శుక్రవారం రాత్రి అయితే ఇబ్బంది లేదు. శనివారం మొదటి పీరియడ్ ఎన్నింటికి మీకు?